తువ్వాలు కింద చెప్పిన ధర

పోయిన నెల కుప్పంలో మాకు శిక్షణ పెట్టారు. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగి జవాబులు నింపుకొచ్చే పని నాది. ఇలాంటి శిక్షణలు ఎన్ని చూశానో, కుర్చీలో కూర్చుంటే చాలు ఆవలింతలొస్తాయి. జతలు జతలుగా కూర్చుని ఒకరినొకరు అడగండి అన్నారు. నా జతకి శాంతిపురం నుంచి కొత్తగా చేరిన పాప పడింది. ట్యాబు ఒళ్ళో పెట్టుకుని, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు చదివింది. "మీ ఇంట్లో ఇక నయం కాని జబ్బుతో ఉన్న మనిషికి నొప్పి తగ్గించడానికీ, పుండ్లు కడగడానికీ, పక్కన కూర్చోవడానికీ నర్సు ఇంటికే వస్తే, మీరు నెలకి గరిష్ఠంగా ఎంత చెల్లించగలరు?"

ఈ ప్రశ్న నేను ఎన్ని గడపల్లో అడిగానో నాకే గుర్తు లేదు. నన్ను మాత్రం ఎవరూ అడిగింది లేదు. 

"టవాలుండాదా పాపా?" అన్నాను.

హాలంతా నవ్వింది. ఆ పిల్ల బిక్కమొహం వేసి, "అక్కా, గడి ఖాళీగా వదిలితే ముందుకి పోదక్కా" అంది. సున్నా కొట్టమన్నాను. అందరూ కొట్టించే సున్నానే నేనూ కొట్టించి, నీళ్ళు తాగాలని చెప్పి వరండాలోకి వచ్చేశాను. పుంగనూరు ఆయన పోయి అప్పటికి రెండు నెలలు.

ఆయన పేరు చెప్పను. ఆయన జన్మలో నోటితో ఒక అంకె చెప్పి ఎరగడు, నేను పేరు దాచుకుంటే తప్పేముంది! పుంగనూరులో పశువుల దళారీ. సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదిర్చేవాడు. బేరమంతా తువ్వాలు కిందే. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతుల మీదా కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకోవడం. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అయిదు వేళ్ళూ కలిపి పట్టుకుంటే అయిదు. నూర్లా, వేలా అన్నది ముందే మాటొకటి అనుకుంటారు. ఇష్టం లేకపోతే చెయ్యి విదిలించాలి. ఒప్పుకుంటే గట్టిగా నొక్కి వదలాలి. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఆ ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది.

ఆ అలవాటు ఆయనకి ఒంట్లో ఇంకిపోయింది. బస్సులో టికెట్టు అడిగినా వేళ్ళే. టీ కొట్టులో ఎన్ని టీలంటే వేళ్ళే. పిల్లలెంతమందప్పా అంటే రెండు వేళ్ళు. "అంకె నోట్లో నుంచి బయటికొస్తే పదిమంది నోళ్ళల్లో నానతాదమ్మా. అంతలోపల దాని పని అయిపోతాది" అనేవాడు. ఇంకో అలవాటు, మనిషిని చూస్తే ముందు కాళ్ళు చూసేవాడు, తర్వాత పళ్ళు. మొదటిరోజు నన్నూ అట్లాగే చూశాడు. "దూరం నడిసొచ్చిండావు. కుడికాలు లాగతాండాది. నవ్వు, వయసు జెప్తాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నవ్వలేదు. నవ్వకపోయినా చెప్పాడు, వేళ్ళతోనే. సరిగ్గా చెప్పాడు.

మూడేళ్ళ కిందటి మాట ఇది. బెంగళూరు ట్రస్టు ఒకటి మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో ఇంటికే నర్సుని పంపే పని మొదలుపెట్టాలనుకుంది. ఆస్పత్రి వాళ్ళు ఇక ఇంటికి తీసుకుపొండి అని చెప్పేసిన మనుషుల కోసం. కానీ జనం ఎంతో కొంత ఇస్తామంటేనే. ఇస్తారా, ఎంత ఇస్తారు, అది కనుక్కురమ్మని మమ్మల్ని పంపారు. రెండొందలు ఇస్తారా అని అడగాలి, సరేనంటే అయిదొందలు, తర్వాత వెయ్యి, అట్లా కాదనేవరకూ పైకి పోవాలి.

మదనపల్లెలో టమోటా మండీకి పోయే ఇళ్ళల్లో నా పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. పొద్దున లేస్తే వేలం పాటలో బతికే జనం. రెండొందలు అంటే "నూరు చేసుకో" అనేవాళ్ళు. అయిదొందలు అంటే విసురుగా లేచి లోపలికి పోయేవాళ్ళు, వెనక్కి పిలుస్తానని! నేనెందుకు పిలుస్తాను? 'ఇష్టం లేదు' అని కొట్టి పక్కింటికి పోయేదాన్ని. కాసేపటికి వాకిట్లోకి తొంగిచూసి, "ఏందిమా, అట్లే పోతాండావే?" అని అరిచేవాళ్ళు. వాళ్ళకి నా మీద కోపం, నాకు వాళ్ళ మీద కోపం. ఇంట్లో మనిషి చావుబతుకుల్లో ఉంటే కూడా బేరమేనా అని తిట్టుకుంటూ తిరిగాను. తప్పు ఎవరిదో నాకు తెలియడానికి పుంగనూరు పోవాల్సి వచ్చింది.

ఆయన ఇంటి ముందు నీడకి దించిన రేకుల చాపు. దాని కింద పొట్టి పుంగనూరు ఆవు ఒకటి, తెల్లగా, నా నడుము దాకా కూడా లేదు. లోపలి గదిలో కిటికీ పక్కన మంచం మీద ఆయన భార్య. కడుపులో కేన్సరు. తిరుపతిలో చూపించారు, బెంగళూరులో చూపించారు, ఇంటికి తెచ్చుకున్నారు. నేను అరుగు మీద కూర్చుని ప్రశ్న చదివాను. ఆయన కిటికీ వైపు ఒకసారి చూసి, వీధంతా వినబడేలా అన్నాడు.

"ఏమీ ఇయ్యను. పోమ్మా. పైసా ఇయ్యను."

లోపలి నుంచి ఆమె మూలుగు వినిపిస్తూనే ఉంది. నేను మదనపల్లె ఆస్పత్రిలో ఆరేళ్ళు ఆయాగా చేసినదాన్ని. ఆ మూలుగు ఏ నొప్పిదో నాకు తెలుసు. నా నోరు ఊరుకోలేదు. "ఆవుకి జబ్బు చేస్తే డాక్టర్ని పిలిపిస్తావు గదప్పా? ఆమె ఆవు పాటి చెయ్యదా?" అని చెప్పులు వేసుకున్నాను.

ఆయన లేచాడు. నా వెనకే చాపు కిందికి వచ్చాడు. ఆవు పక్కన నిలబడి భుజం మీది తువ్వాలు తీశాడు. "చెయ్యి పెట్టమ్మా" అన్నాడు.

నేను పెట్టలేదు. సిగ్గు కాదు. మా నాయన శాంతిపురం పక్క పల్లెలో ఒకరి చేలో కూలికి పోయేవాడు. కూలి డబ్బు పైనుంచి అతని దోసిట్లో వేసేవాళ్ళు, చెయ్యి తగలకుండా. అది చూస్తూ పెరిగినదాన్ని. "నేను ఎవరింటి పిల్లనో అడగవా అప్పా?" అన్నాను.

"సంతలో ఆవు ఎవురిదో అడగతారు గానీ, చెయ్యి ఎవురిదో అడగరు. పెట్టు."

పెట్టాను. ఎండలో కాగిన అరచెయ్యి, మొరటుగా ఉంది. ఎన్నెన్ని పలుపుతాళ్ళు పట్టుకున్న చెయ్యో అది. నా వేళ్ళు అయిదూ కలిపి పట్టుకున్నాడు. వదిలాడు. మళ్ళీ అయిదూ పట్టుకున్నాడు.

"నూర్లా అప్పా?"

తల అడ్డంగా ఊపాడు.

"వేలా? నెలకా?"

గడ్డంతో ఆవుని చూపించాడు. "అదుండాది గదా. ఇప్పుడు టౌనోళ్ళు ఎగబడి కొంటాండారు" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "లోపల ఆమె ఇంటాండాదమ్మా. రూపాయి మాట సెవిలో పడితే మాత్ర మింగదు. పోయిన వారం దిండు గలేబులో చేతికి దొరికినాయి, పిడికెడు. దానికెంత, దీనికెంత అని అడిగి, ఎక్కవైతే దాచిపెడతాది. నేనేం జేసేది?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు నిండి ఉన్నాయి. నేను అన్న ఆవు మాటకి నాకే సిగ్గేసింది. మా ఫారంలో ఆఖరి గడి మూడు వేలు. అదే చెప్పాను, అంత పెద్ద అంకె వేసే చోటే లేదప్పా అని. "ఫారం చిన్నదమ్మా" అన్నాడు తువ్వాలు దులుపుకుంటూ.

అప్పుడే లోపలి నుంచి ఆమె పిలిచింది. "ఓ అమ్మా, ఇట్ల రామ్మా."

పోయాను. ఎముకల మీద చర్మం కప్పినట్టుంది మనిషి, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. దుప్పటి కింద నుంచి చెయ్యి చాపింది. "ఎంత జెప్పినాడు?"

"అది చెప్పకూడదమ్మా. ఒకరి మాట ఇంకొకరికి చెప్పడం తప్పంట."

"నాకి నేర్పతాండావా! నలభై ఏండ్లు దళారి పెండ్లాన్ని. చెయ్యి పెట్టు."

నేను దుప్పటి కింద చెయ్యి పెట్టి, ఆమె చూపుడు వేలు ఒక్కటే పట్టుకున్నాను.

"వెయ్యా?" ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"నూరమ్మా. నూరే."

ఆమె ముఖం విప్పారింది. "గట్టోడే! బెంగుళూరోళ్ళని నూరుకి దించినాడు సూడు" అని, అంత నొప్పిలోనూ ఫక్కుమని నవ్వింది. నా చెయ్యి గట్టిగా నొక్కి వదిలింది. బేరం ఒప్పుకున్నట్టు.

ఒప్పుకుంది సరే, నర్సు యాడ? మాది ప్రశ్నలడిగే పని, అంతే. నర్సులు రావాలంటే రిపోర్టు పోవాలి, పెద్దవాళ్ళు చూడాలి, సంవత్సరమో రెండో పడుతుంది. ఆమెకి అంత కాలం లేదని చూడగానే తెలుస్తూనే ఉంది. నేను చేసిన నిర్వాకానికి నేనే పోవాల్సి వచ్చింది. ఆదివారం ఆదివారం మదనపల్లె నుంచి బస్సెక్కి పుంగనూరు పోయేదాన్ని. ఆస్పత్రిలో నాకు తెలిసిన డాక్టరమ్మతో మాట్లాడి ఆమెకి నొప్పి మాత్రలు రాయించాను. వీపు మీద పుండ్లు కడిగేదాన్ని, తల దువ్వేదాన్ని. ఆమె మాత్రలు మింగింది. అన్నీ ఆ నూరులోనే అనుకుని, నూరు రూపాయల మనిషి చెప్పిందని మింగింది.

నెల మొదటి ఆదివారం ఆయన ఆమె మంచం పక్కకొచ్చి నిలబడేవాడు. జేబులో నుంచి నూరు రూపాయల నోటు తీసి, ఆమె చూస్తుండగా, మొహం ముటముటలాడించుకుంటూ నా చేతిలో పెట్టేవాడు. "ఈనెల కూడా పూర్తిగానే తీసుకుంటావా?" అనేవాడు. ఆమె మురిసిపోయేది. నేను ఆ నోటుని నుదుటికి ఆనించుకుని సంచిలో వేసుకునేదాన్ని. వాకిలి దాటాక మా ఇద్దరికీ నవ్వాగేది కాదు.

ఆ అబద్ధం సంగతి ఆయన మొదటివారమే అడిగాడు. "ఆమెకి ఎంత జెప్తివి?" చెప్పాను, భయపడుతూనే. తువ్వాలు కింద అబద్ధం ఆడినవాడు మళ్ళీ సంతలో కాలు పెట్టలేడని ఆయనే అన్నాడు మరి. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నా కంటే పెద్ద దళారివి గదమ్మా నువ్వు! సంతకి రా, సగం సగం" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నాకు కలిగిన గర్వం, తర్వాత ఏ సర్టిఫికెట్టు తీసుకున్నా కలగలేదు.

అప్పటి నుంచి నా సంచిలో ఒక తువ్వాలు పెట్టుకున్నాను. రామసముద్రంలో, పెద్దతిప్పసముద్రంలో, ఏ ఊరు పోయినా ముందు ప్రశ్న అడిగి, నోటితో చెప్పింది రాసుకుని, తర్వాత తువ్వాలు కప్పి, "ఎన్ని నూర్లో అన్ని వేళ్ళు పట్టుకోండి" అనేదాన్ని. నవ్వేవాళ్ళు, సిగ్గుపడేవాళ్ళు, తర్వాత పట్టుకునేవాళ్ళు. అన్నదమ్ముల ముందు సున్నా అన్నవాడు తువ్వాలు కింద నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. "మా అత్తకి నేనున్నా గదా, నర్సు యాల?" అని గొంతెత్తి చెప్పిన కోడలు, నా రెండు వేళ్ళు పట్టుకుని వదలకుండా ఏడ్చింది. పాపం ఎన్ని రోజుల నుంచి ఒక్కతే మోస్తూ ఉందో. అవన్నీ ఫారం అంచున పెన్సిలుతో రాసుకొచ్చాను.

మా సూపర్‌వైజరు బెంగళూరులో చదువుకున్నాయన, చెడ్డవాడు కాదు. పెన్సిలు అంకెలు చూసి తల పట్టుకున్నాడు. "మేడం, అందరినీ ఒకేలా అడగాలి. మీరొక్కరు తువ్వాలు కప్పితే ఎలా?" అన్నాడు. నోటితో చెప్పినవే లెక్కలోకి పోయాయి. ఈ ప్రాంతపు జనం ఇలాంటి సేవకి డబ్బు పెట్టడానికి సిద్ధంగా లేరని రిపోర్టు వచ్చింది. నర్సులు వేరే జిల్లాకి పోయారు. నేను ఆదివారం ఆ మాట చెబితే ఆయన ఆవుకి గడ్డి వేస్తూ విన్నాడు.

"మొదటి మాట రాసుకొని ఎల్లిపొయినారా?" అన్నాడు. "మొదటి మాట ఎవురన్నా నిజం జెప్తారా? రెండో మాటకి నిలబడల్ల గదమ్మా మనిషి."

ఆమె అయిదు నెలలు బతికింది. ఆఖరి వారాల్లో నొప్పి లేకుండా పోయింది. అది మాత్రం నేను ఎక్కడైనా ఎవరి ముందైనా చెప్పుకుంటాను. దినాల రోజు పోయాను. చాపు కింద బంధువులంతా కూర్చుని ఉన్నారు. ఆయన బల్ల మీద గోడకి ఆనుకుని, ఎవరు పలకరించినా తల ఊపుతున్నాడు. నన్ను చూసి పక్కన చోటు చూపించాడు. కూర్చోగానే తువ్వాలు తీసి మా చేతుల మీద కప్పాడు. అందరూ చూస్తున్నారు. లోపల నా చూపుడు వేలు ఒక్కటే పట్టుకున్నాడు. నూరు. పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు, ఎవరో భోజనాలకి లెమ్మనేదాకా. నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి.

తర్వాత నా పని కుప్పానికి మారింది. ఆయన అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు. "యాడుండావమ్మా? కాలు ఎట్లుండాది?" అని ముందు నా కుడికాలి సంగతే. ఫోనులో వేళ్ళు కనపడవు కదా, అంకె వచ్చినచోట ఆగిపోయేవాడు. "ఆవు ఈనిండాది. దూడని అడగతాండారు, వచ్చి..." అని ఊరుకునేవాడు. ఎంతకో నేను వచ్చి చెయ్యి పెడితేనే తెలుస్తుందన్నమాట. ఆ ఖాళీ కోసమైనా పోవాలనిపించేది.

పోయిన చలికాలం ఫోను వచ్చింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను, గరగరమంటోంది. గొంతులో గడ్డంట. మాట కష్టంగా ఉందంట. "ఒగసారి రామ్మా" అన్నాడు.

"వస్తాండాను అప్పా. వచ్చే వారం వస్తా" అన్నాను.

వచ్చే వారం మా అమ్మాయికి పరీక్షలు. ఆ పై వారం ఆఫీసులో తనిఖీ. ఆ పై వారం ఏముందో ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు, ఏమీ లేదేమో కూడా. చస్తున్న మనిషి పక్కన కూర్చోవడానికి ఎంత ఇస్తారని ఊరూరా అడిగి తిరిగినదాన్ని, ఒక్క ఆదివారం ఇవ్వలేకపోయాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఇవ్వలేకపోయాను.

కబురు తెలిసి నేను పోయేసరికి పదకొండో రోజు కూడా అయిపోయింది. చాపు కింద ఆవు ఉంది, దూడ ఉంది. చిన్నకోడలు బల్ల తుడిచి కూర్చోమంది. కొడుకులిద్దరూ పశువులు అమ్మరు, ఒకడికి సెల్ ఫోన్ల అంగడి, ఇంకొకడు బెంగళూరు పోయి వస్తుంటాడు. ఆ పిల్ల ఒక్కతే ఆయన్ని చూసుకుంది. బాగా చూసుకుంది, ఇల్లు చూస్తే తెలుస్తోంది. నా పక్కన కూర్చుని చెప్పుకుపోయింది.

"కడాకి మాట ల్యాకపాయనక్కా. నాలుగు దినాలు. నొప్పికి సూదేసేదానికి రమ్మంటే ఇంటికి ఎవురొస్తారు? ఆటోలో తీసుకపోయి తీసుకొస్తాంటిమి. పండుకొని టవాలు చేతి మీదికి లాక్కుంటాండె. లాక్కొని చెయ్యి ఇట్ల సాపతాండె. చలి పెడతాండాదేమో అని నేను కంబళి కప్తిని. తోసేసె. మళ్ళా టవాలు లాక్కొని మళ్ళా సాపె. మళ్ళా కప్తిని. ఆయప్ప కండ్లల్లో నీళ్ళు. మా ఆయన వస్తే ఆయన తట్టు గూడా సాపె. ఆయన ఇంగో దుప్పటి తెచ్చి కప్పె. నాలుగు దినాలూ అదే పని."

ఆమె తన చెయ్యి చాపి చూపించింది, అరచెయ్యి పైకి, వేళ్ళు కొంచెం ముడిచి. నాకు తెలిసిన చెయ్యే అది.

"ఏమన్నా అడగతాండెనా అక్కా?" అంది. ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. నాలుగు రోజులు నిద్ర లేకుండా, చేతనైనదంతా చేసిన పిల్ల. జవాబు కోసం భయపడుతూ అడుగుతోంది.

"ఏం ల్యాదమ్మా" అన్నాను. "చలికే. కప్పి మంచి పని చేస్తివి."

ఆమె ముఖం తేటపడింది. హమ్మయ్య అనుకుంటూ లేచి కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. ఆయన ఇంట్లో నేను ఆడిన రెండో అబద్ధం అది. నవ్వడానికి ఈసారి ఆయన లేడు.